నొప్పి లేనంత మాత్రాన

మా అనంతపురం జిల్లాలో మనిషి ఆరోగ్యం గురించి అడగాలంటే ముందు అడిగేది నొప్పి గురించే. "యాడన్నా నొప్పుందా?" అంటారు. లేదంటే బాగున్నట్టు లెక్క. ఉందంటే సూదో బిళ్ళో వేయించుకుంటారు, అది పోతే మళ్ళీ బాగున్నట్టే లెక్క. ఈ లెక్క తప్పు. దీన్ని నమ్ముకునే మన దగ్గర చాలామంది కీళ్ళూ, కిడ్నీలూ, గుండె, ఊపిరితిత్తులూ పాడుచేసుకుంటున్నారని నా బాధ. నేను డాక్టర్ని కాను, డిగ్రీ పిల్లలకు జంతుశాస్త్రం చెబుతాను. ఎవరు ఏ మందు వాడాలో చెప్పే అర్హత నాకు లేదు. కానీ శరీరం లోపల ఏం జరుగుతుందో చెప్పగలను. అది తెలిస్తే డాక్టరు ముందు కూర్చున్నప్పుడు అడగాల్సిన ప్రశ్నలు మారతాయి.

ముల్లు గుచ్చుకున్న కాలు ఎర్రబడుతుంది, వేడెక్కుతుంది, వాస్తుంది, నొస్తుంది. దాదాపు రెండు వేల ఏళ్ళ కిందట సెల్సస్ అనే రోమన్ రచయిత ఈ నాలుగు లక్షణాలనే రాసిపెట్టాడు. ముల్లుతో పాటు లోపలికి పోయిన సూక్ష్మజీవుల్ని చంపడానికి, చెడిపోయిన కణాల్ని ఊడ్చేయడానికి రక్తనాళాలు విప్పారతాయి, తెల్లకణాలు గుంపుగా అక్కడికి చేరతాయి. ఈ పనంతటినీ కలిపి ఇన్‌ఫ్లమేషన్ అంటారు. ఇది లేకపోతే చిన్న గాయానికే ప్రాణం పోతుంది. పని అయ్యాక ఆగిపోవాలి, మామూలుగా ఆగిపోతుంది కూడా. ఆగకుండా నెలలూ ఏళ్ళూ సాగితే అది దీర్ఘకాలిక ఇన్‌ఫ్లమేషన్. శరీరం కరిగించలేని దుమ్మో పొగో లోపల చేరుతూనే ఉంటే అది ఆగదు. చంపలేని సూక్ష్మజీవి ఏదో కడుపులోనో లివర్‌లోనో కాపురం పెట్టినా ఆగదు. ఒక్కోసారి శరీరం తన కణాల్నే శత్రువులనుకుంటుంది, అప్పుడూ ఆగదు. సెల్సస్ రాసిన నాలుగింటిలో ఒక్కటి కూడా బయటికి తెలియకుండా ఇది ఇరవై ఏళ్ళు నడవగలదు. నొప్పిని కొలబద్దగా పెట్టుకోవద్దని నేను అనేది అందుకే.

నొప్పి ఉన్న జబ్బుతోనే మొదలుపెడతాను, ఎందుకంటే అక్కడ జరుగుతున్న నష్టం నా కళ్ళతో చూశాను.

మా చిన్నమ్మది తాడిపత్రి దగ్గర పల్లె. ఒక చలికాలం ఆమె వేళ్ళు పట్టేసుకోవడం మొదలైంది. పొద్దున లేస్తూనే పిడికిలి ముడుచుకోదు. సంగటి గెలికేటప్పుడు తెడ్డు చేతిలో నిలవదు. శెనక్కాయలు ఒలవలేదు. పొద్దెక్కేకొద్దీ కాస్త సర్దుకునేది. రెండు చేతులకూ అవే వేళ్ళ మొదళ్ళు వాచాయి. ఊర్లో వైద్యం చేసే ఆయన ఒక సూది వేసి, పొట్లంలో మూడు రకాల బిళ్ళలు కట్టిచ్చాడు. మరుసటి రోజుకే ఆమె కూలికి పోయింది. వారానికి నొప్పి మళ్ళీ వచ్చింది, మళ్ళీ సూది. ఇలా ఏళ్ళు గడిచాయి. పెద్దాసుపత్రికి పోదాం రమ్మంటే, "తగ్గింది కదా నాయనా, ఇంగెందుకు పోయేది?" అనేది. మొహం గుండ్రంగా తయారైతే ఇరుగుపొరుగు వాళ్ళు "ఒళ్ళు చేసినావే" అని మెచ్చుకున్నారు. ఆ గుండ్రం, ఆ సూదుల్లో బిళ్ళల్లో ఉన్న స్టెరాయిడ్, అంటే వాపుని గట్టిగా అణిచే మందు, చేసిన పని. ఆ తర్వాత షుగర్ బయటపడింది. వేళ్ళు మాత్రం, నొప్పి ఉన్న రోజూ లేని రోజూ, వంకర పోతూనే ఉన్నాయి.

ఆమెకున్నది రుమటాయిడ్ ఆర్థరైటిస్. వెయ్యి మందిలో అయిదు నుంచి పది మందికి వచ్చే జబ్బు, ఆడవాళ్ళలో మగవాళ్ళకంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. కీలు లోపలి పొర మీద శరీరమే దాడి చేస్తుంది, ఆ పొర ఉబ్బి పక్కనున్న మృదులాస్థినీ ఎముకనీ తింటుంది. పనిచేసి అరిగిన మోకాలి నొప్పికీ దీనికీ తేడా పట్టడం కష్టమేమీ కాదు. అరిగిన కీలు పనిచేస్తే నొస్తుంది, కూర్చుంటే తగ్గుతుంది. ఇది విశ్రాంతి తర్వాత, పొద్దున్నే ఎక్కువగా పట్టేస్తుంది, అరగంటకో గంటకో గాని వదలదు, రెండు వైపులా చిన్న కీళ్ళలో వస్తుంది. ఈ నాలుగు మాటలు ప్రతి ఆశా కార్యకర్త నోటికి రావాలని నాకు గట్టి కోరిక.

నొప్పి బిళ్ళ ఏం చేస్తుందో 1971లో జాన్ వేన్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త చూపించాడు, దానికి 1982లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆస్పిరిన్, ఆ కోవలోనే వచ్చిన డైక్లోఫెనాక్, బ్రూఫెన్ లాంటివి ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాల తయారీని ఆపుతాయి. వాపునీ నొప్పినీ పెంచేవి అవే, కాబట్టి ఉపశమనం నిజమైనదే. కానీ రుమటాయిడ్‌లో ఎముకను కొరికే పనిని నడిపేవి వేరే సంకేతాలు, టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-6 లాంటివి. నొప్పి బిళ్ళ వాటి జోలికి పోదు. శెనగ చేనుకి రాత్రి కావలి ఉన్నవాడు అడవి పందులు పడ్డాయని అరుస్తుంటే, వాడి నోరు మూయించి ఇంటికొచ్చి పడుకున్నట్టు ఉంటుంది ఈ వైద్యం. తెల్లారి చూస్తే చేను ఉండదు.

పైగా ఆ ప్రోస్టాగ్లాండిన్లు ఊరికే నొప్పి పుట్టించడానికి లేవు. కడుపు గోడకు రక్షణగా ఉండే జిగురు పొరని నిలిపేది అవే. ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం అందేలా చూసేదీ అవే. మే నెల ఎండలో చెమటోడ్చి పనిచేసే మనిషి, బీపీ షుగర్ ఉన్న మనిషి, రోజూ డైక్లోఫెనాక్ మింగితే కిడ్నీ మీద ఎంత భారం పడుతుందో ఆలోచించండి. ఈ మందు గురించి ఇంకో సంగతి. పశువులకు వేసిన డైక్లోఫెనాక్ ఆ కళేబరాల ద్వారా రాబందుల్లోకి పోయి, కిడ్నీలు చెడి అవి లక్షల్లో చచ్చిపోయాయి. 2006లో దేశంలో పశువులకు దాన్ని నిషేధించారు. రాబందు ఒళ్ళు వేరు, మనిషి ఒళ్ళు వేరు, నిజమే. అయినా మందుల షాపులో చాక్లెట్ అడిగినట్టు అడిగి తెచ్చుకునే బిళ్ళకి ఇంత చరిత్ర ఉందని మనవాళ్ళకు తెలియాలి.

స్టెరాయిడ్ కథ ఇంకా బాధాకరం. 1948లో అమెరికాలో మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే డాక్టరు, రుమటాయిడ్‌తో కదలలేని స్థితిలో ఉన్న ఇరవై తొమ్మిదేళ్ళ ఆమెకు కార్టిజోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చాడు. కొద్ది రోజుల్లోనే ఆమె లేచి నడిచింది. 1950లో ఆయనకూ, ఇంకో ఇద్దరికీ కలిపి నోబెల్ ఇచ్చారు. కొన్నాళ్ళు గడిచేసరికి ఆ మందు రెండో మొహం బయటపడింది. మొహం ఉబ్బడం, షుగర్, ఎముకలు గుల్లబారడం, ఇన్‌ఫెక్షన్లు. ఇప్పుడు మంచి డాక్టర్లు దాన్ని అసలు మందు పనిచేయడం మొదలయ్యేదాకా తక్కువ మోతాదులో, తక్కువ కాలం వాడతారు. మన పల్లెల్లో పేరు లేని పొట్లంలో అది ఏళ్ళ తరబడి పోతోంది. తాగేవాళ్ళకు తాము తాగుతున్నది స్టెరాయిడ్ అని కూడా తెలియదు. తెలిసి భయపడి ఒక్కసారిగా మానేస్తే ఇంకో ప్రమాదం. చాలాకాలం బయటి నుంచి స్టెరాయిడ్ అందితే శరీరం సొంతంగా చేసుకోవడం మానేస్తుంది, ఉన్నట్టుండి ఆపితే మనిషి కుప్పకూలవచ్చు. మెల్లగా డాక్టరే తగ్గించాలి.

అసలు మందులున్నాయి. మెథోట్రెక్సేట్‌ని 1988లో అమెరికాలో రుమటాయిడ్‌కి అనుమతించారు, అది ఖరీదైన మందు కూడా కాదు. వారానికి ఒక్కసారే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే విషం, ఇది ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. మధ్యమధ్య లివర్, రక్త పరీక్షలు చేయించుకోవాలి. లక్షణాలు మొదలైన మొదటి కొన్ని నెలల్లో మొదలుపెడితే కీలు నిలుస్తుంది, ఆలస్యమయ్యేకొద్దీ వంగిన వేళ్ళు వెనక్కి రావు. మా చిన్నమ్మని చివరికి రాయవేలూరు (వెల్లూరు) ఆసుపత్రికి తీసుకుపోయాం. వాపు ఇప్పుడు అదుపులో ఉంది. వేళ్ళు అట్లే ఉన్నాయి.

ఇక్కడ నన్ను ఎవరైనా నిలదీయవచ్చు. కీళ్ళవాతం డాక్టరు దొరకాలంటే కర్నూలో బెంగళూరో పోవాలి, ఇద్దరి కూలి పోతుంది, బస్సు చార్జీలు, పరీక్షలు. ఊర్లో ఆయన రాత్రి పదకొండుకి పిలిచినా వస్తాడు, డబ్బు తర్వాత ఇచ్చినా ఊరుకుంటాడు. ఇది నేను కొట్టిపారేసే మాట కాదు. ఆ మనిషిని తిట్టి ప్రయోజనం లేదు, ఆ ఖాళీలో ఇంకెవరూ లేరు కాబట్టే ఆయన ఉన్నాడు. నేను అడిగేది చిన్నది. ఆరు వారాలు దాటి చిన్న కీళ్ళలో వాపు ఉంటే అది సూదితో తేలే పని కాదని ఆయనే చెప్పి పంపాలి. మండలం ఆసుపత్రిలో, రక్తంలో ఇన్‌ఫ్లమేషన్ గుర్తుల్ని కొలిచే ఈఎస్ఆర్, సీఆర్‌పీ పరీక్షలు చేసి, అనుమానం ఉన్నవాళ్ళని జిల్లా ఆసుపత్రికి రాసి పంపాలి. ఒకసారి రోగం తేలాక మెథోట్రెక్సేట్ బిళ్ళలు, నెలల వ్యవధిలో రక్త పరీక్ష దగ్గర్లోనే అందాలి. షుగరుకీ బీపీకీ ఇది చేస్తున్నాం కదా.

ఇక నొప్పి లేనివాటి సంగతి.

రుమటాయిడ్ ఉన్నవాళ్ళకు గుండెజబ్బు రావడం మామూలు వాళ్ళకంటే దాదాపు ఒకటిన్నర రెట్లు ఎక్కువ. కీళ్ళకూ గుండెకూ ఏం సంబంధం? రక్తనాళంలో కొవ్వు పేరుకోవడం పైపులో మడ్డి చేరడం లాంటిదని చాలామంది అనుకుంటారు. జరిగేది అది కాదు. చెడు కొలెస్ట్రాల్ నాళం గోడలోకి దిగుతుంది, దాన్ని తినడానికి తెల్లకణాలు వస్తాయి, తిని ఉబ్బి అక్కడే ఉండిపోతాయి, ఇంకొన్నింటిని పిలుస్తాయి. అలా గోడలో పెరిగిన గడ్డ మీది పలచని పొర ఒకరోజు చిట్లుతుంది, రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. చాలాసార్లు చిట్లేది నాళాన్ని సగం కూడా మూయని గడ్డే. అందుకే ముందురోజు దాకా ఆటలాడిన మనిషికి గుండెపోటు వచ్చిందని వింటుంటాం. ధమనుల జబ్బులో ఇన్‌ఫ్లమేషన్ ఉందని జర్మనీ డాక్టరు విర్కో పంతొమ్మిదో శతాబ్దంలోనే అన్నాడు, చాలాకాలం ఎవరూ గట్టిగా పట్టించుకోలేదు. 1997లో పాల్ రిడ్కర్ బృందం, ఆరోగ్యంగా ఉన్నప్పుడు మగ డాక్టర్ల నుంచి తీసి దాచిన రక్తాన్ని పరీక్షించింది. సీఆర్‌పీ ఎక్కువగా ఉన్న పావు వంతు మందికి తర్వాతి ఏళ్ళలో గుండెపోటు రావడం, తక్కువ ఉన్న పావు వంతు కంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువని తేలింది. వాళ్ళెవరికీ రక్తం ఇచ్చిన రోజు నొప్పి లేదు.

ఇన్‌ఫ్లమేషన్ గుండెపోటుకి కారణమా, కేవలం పక్కన కనిపించే గుర్తా అన్నది 2017 దాకా తేలలేదు. ఆ ఏడాది కాంటోస్ అనే ప్రయోగం ఫలితాలు వచ్చాయి. అప్పటికే ఒకసారి గుండెపోటు వచ్చి, సీఆర్‌పీ ఎక్కువగా ఉన్న 10,061 మంది మీద, కొలెస్ట్రాల్‌ని తాకకుండా ఒక్క ఇన్‌ఫ్లమేషన్ సంకేతాన్ని మాత్రమే ఆపే కనాకినుమాబ్ అనే మందు వాడి చూశారు. 150 మిల్లీగ్రాముల మోతాదులో గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు చావులు కలిపి 15 శాతం తగ్గాయి. ఇన్‌ఫ్లమేషన్ కారణమేనని అప్పుడు తేలింది. అదే ప్రయోగంలో ఇన్‌ఫెక్షన్లతో చనిపోయినవాళ్ళు పెరిగారు, మొత్తం మరణాల్లో తేడా రాలేదు. మరుసటి ఏడాది మెథోట్రెక్సేట్‌తో చేసిన పెద్ద ప్రయోగంలో గుండెకు ఏ మేలూ కనబడలేదు. గౌట్ అనే కీళ్ళజబ్బుకి వాడే కోల్చిసిన్‌తో 2020లో మంచి ఫలితం వచ్చింది, 2024లో అప్పుడే గుండెపోటు వచ్చినవాళ్ళ మీద చేసిన ఇంకో దాంట్లో రాలేదు. నాకు అర్థమైంది ఏమిటంటే, ఇన్‌ఫ్లమేషన్‌ని మొత్తంగా అణచేస్తే మనల్ని కాపాడేదాన్నీ అణచేసినట్టే. దేని వల్ల పుట్టిందో వెతికి దాన్ని తీసేయడమే మేలైన దారి. మన జిల్లాల్లో ఆ కారణాలు చాలావరకు కళ్ళ ముందే ఉన్నాయి.

చిగుళ్ళు చూడండి. పళ్ళు తోముకుంటే రక్తం వస్తుంది, నొప్పి ఉండదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. పంటి చుట్టూ పాచి గట్టిపడి, దాని కింద సూక్ష్మజీవులు చేరి, చిగురు వాచి, పన్ను పట్టుకున్న ఎముక కరిగిపోతుంది. షుగర్ ఉన్నవాళ్ళకు ఇది ఎక్కువ, ఇది ఉంటే షుగర్ అదుపులోకి రావడం కష్టం. చిగుళ్ళకు సరైన వైద్యం చేస్తే మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ని శాతంలో చూపే పరీక్ష) సుమారు 0.3 నుంచి 0.4 తగ్గుతుందని పరిశోధనలు చూపించాయి, అంటే పళ్ళు శుభ్రం చేయించుకుంటే షుగర్ తగ్గుతుంది. షుగరుకి నెలనెలా మందులు కొనుక్కునేవాళ్ళలో ఎంతమందిని పళ్ళ డాక్టరు దగ్గరికి పంపుతున్నారు? ఇంకొకటి, బీడీ తాగేవాళ్ళకు చిగురు నుంచి రక్తం తక్కువగా వస్తుంది, నికోటిన్ రక్తనాళాల్ని బిగిస్తుంది కాబట్టి. ఉన్న ఒక్క గుర్తు కూడా వాళ్ళకు కనిపించదు.

కడుపులో మంటదీ ఇదే కథ. మన కారం, మన టెన్షన్ వల్లే అల్సర్ అని అందరం అనుకునేవాళ్ళం. 1982లో ఆస్ట్రేలియాలో వారెన్, మార్షల్ హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియాని పట్టుకున్నారు, 2005లో వాళ్ళకు నోబెల్ వచ్చింది. అది ఉంటే కడుపు గోడ ఏళ్ళ తరబడి వాచే ఉంటుంది, కొద్దిమందిలో అది కాన్సర్ దాకా పోతుంది. గ్యాస్ బిళ్ళ మంట తగ్గిస్తుంది, బాక్టీరియా ఉండిపోతుంది. దానికి యాంటీబయాటిక్స్ కోర్సు ఉంది, అది డాక్టరే రాయాలి.

బొజ్జ సంగతి కూడా చెప్పాలి. కొవ్వు కణాలు ఊరికే నూనె దాచుకునే సంచులనుకునేవాళ్ళు. 1993లో లావైన ఎలుకల కొవ్వులో టీఎన్ఎఫ్ తయారవుతోందని, అది ఇన్సులిన్ పనిని అడ్డుకుంటోందని హోతామిస్లిగిల్ బృందం చూపించింది. "మేం సన్నగానే ఉంటాం" అంటారా? పూనా డాక్టరు యాజ్ఞిక్ 2004లో తన ఫొటోనీ, ఇంగ్లండు స్నేహితుడి ఫొటోనీ పక్కపక్కన అచ్చువేశాడు. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువు లెక్క, 22.3. ఇంగ్లండాయన ఒంట్లో కొవ్వు 9.1 శాతం, మన ఆయన ఒంట్లో 21.2 శాతం. కాబట్టి బరువు కాకుండా నడుము కొలుచుకోండి. మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 దాటకూడదు.

ఈ కారణాలన్నీ పక్కన పెట్టి ఇప్పుడు ఫోన్లలో వచ్చేది ఒకటే. ఇన్‌ఫ్లమేషన్ తగ్గించే పొడి, ఇన్‌ఫ్లమేషన్ తగ్గించే కషాయం. పసుపు మీద నాకు ప్రేమే, మనకు పక్కనే కడప పసుపు మార్కెట్ ఉంది. కూరలో వేసుకోండి. కానీ పసుపులో కర్‌క్యుమిన్ సుమారు 3 శాతమే, దాన్ని పేగులు పీల్చుకునేది ఇంకా తక్కువ. ఎక్కువ మోతాదు గోలీలతో లివర్ దెబ్బతిన్న కేసులు అమెరికాలో నమోదయ్యాయి. సీఆర్‌పీ ప్యాకేజీలు అమ్మేవాళ్ళూ ఉన్నారు. గుండె కోసం చేసే సున్నితమైన సీఆర్‌పీ పరీక్షలో లీటరుకి 1 మిల్లీగ్రాము కంటే తక్కువైతే ముప్పు తక్కువ, 3 దాటితే ఎక్కువ అంటారు. జలుబు చేసినా అది పెరుగుతుంది, ఎక్కడ పెరిగిందో చెప్పదు. చిగురు చూడకుండా, నడుము కొలవకుండా, బీడీ గురించి అడగకుండా అంకె చూసి పొడి కొనుక్కుంటే ఏం ఉపయోగం?

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది తాడిపత్రి రోడ్డు. గ్రానైట్ ఫ్యాక్టరీలు, బండల పాలిష్ ఫ్యాక్టరీలు. మిషన్ మీద కోసేటప్పుడు నీళ్ళు పడుతుంటాయి కాబట్టి దుమ్ము కొంత అణుగుతుంది. అంచులు చేతి గ్రైండర్‌తో పొడిగా చెక్కేటప్పుడు తెల్లగా లేస్తుంది. గ్రానైట్‌లో అయిదో వంతుకి తక్కువ కాకుండా క్వార్ట్జ్ ఉంటుంది, అంటే సిలికా. కంటికి కనిపించనంత సన్నని సిలికా రేణువు ఊపిరితిత్తి చివరిదాకా పోతుంది. అక్కడి తెల్లకణం దాన్ని మింగుతుంది, కరిగించలేదు, చచ్చిపోతూ చుట్టూ ఇన్‌ఫ్లమేషన్ రేపుతుంది. రేణువు మళ్ళీ బయటపడుతుంది, ఇంకో కణం మింగుతుంది. ఇట్లా మచ్చ మీద మచ్చ కట్టి ఊపిరితిత్తి బిగుసుకుపోతుంది. అదే సిలికోసిస్. పని మానేసినా ముదురుతూ పోవచ్చు, వెనక్కి తిప్పే మందు లేదు, టీబీ సోకే ముప్పు కూడా పెరుగుతుంది. మామూలుగా పదేళ్ళు దాటాక గాని ఆయాసం తెలియదు. అప్పటిదాకా మనిషి బస్తాలు మోస్తాడు, బాగున్నానంటాడు.

ఇక్కడ ఆహారం మార్చుకోమని, నడవమని కూలికి చెప్పడం అన్యాయం. మొహానికి కట్టుకున్న టవల్ ఆ రేణువుని ఆపదు. అంచు చెక్కే చోట కూడా నీళ్ళు పడాలి, దుమ్ము లాగే ఫ్యాన్ ఉండాలి, సరైన మాస్కు యజమాని కొనివ్వాలి, ఏడాదికోసారి ఎక్స్‌రే, ఊపిరి పరీక్ష చేయించాలి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే సిలికోసిస్‌ని ప్రభుత్వానికి తప్పక తెలియజేయాల్సిన జబ్బుల్లో చేర్చారు. తెలియజేయాలంటే ముందు కనిపెట్టాలి. దగ్గుతో వచ్చిన మనిషి ఓపీ చీటీ మీద పేరు, వయసు, ఊరు రాస్తారు. ఏం పని చేస్తాడో, ఎన్నేళ్ళుగా చేస్తున్నాడో కూడా అక్కడే రాయించాలి. అది రాయకపోతే సిలికోసిస్‌ని టీబీ అనుకుని, ఎక్స్‌రేలో మచ్చ పోలేదని మళ్ళీ మళ్ళీ అవే మందులు ఇచ్చే ప్రమాదం ఉంది. రోగి కోర్సు అయ్యాక మళ్ళీ అదే ఫ్యాక్టరీకి పోతాడు, పరిహారం అడగడానికి అతని చేతిలో ఏ కాగితమూ ఉండదు.